ముత్యం నిద్ర

బ్రహ్మాజీ కొబ్బరి పీచు తడిపి ముత్యం ఒళ్ళు రుద్దుతున్నాడు. మెడ దగ్గర మొదలుపెట్టి, వెన్ను మీదుగా తోక దాకా, ఆ తర్వాత పొట్ట కింద. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. మాచర్లలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది పెళ్ళికొడుకులు ఈ తెల్లగుర్రం మీద ఊరేగారో ఆయనకే గుర్తులేదు. ఇప్పుడు దాని పక్కటెముకలు చేతికి తగులుతున్నాయి. ముందుకాళ్ళ మోకీళ్ళు వాచిపోయాయి.

దాని మెడపట్టీకి రెండు తాళ్ళు. ఒకటి ఈ గుంజకు, ఒకటి ఆ గుంజకు. ఒళ్ళు కిందికి వాలకుండా బిగించి కట్టాడు. పశువుల డాక్టరు ఆనంద్ బాబు మూడు రోజుల కిందట వచ్చి చూసి, "కీళ్ళు పూర్తిగా పోయినై బ్రహ్మాజీ. ఇక పడుకుందంటే లేవదు" అన్నాడు. డాక్టరు బండి అటు వెళ్ళగానే బ్రహ్మాజీ ఇటు తాళ్ళు కట్టేశాడు. పడుకుంటేనే కదా లేవకపోవడం!

రేపటి గురించి బెంగ పెట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు ఆ స్టేషన్ రోడ్డులో లేడు. ఈ పూట అన్నం కలుపుకుంటూ రేపటి కూరేమిటని అడిగే మనిషి. ఒక పెళ్ళి ఊరేగింపులో నడుస్తూ, వచ్చే పెళ్ళికి వాన పడుతుందేమోనని ఆకాశం చూసేవాడు. భార్య నాగవేణి గుంటూరు ఆసుపత్రిలో చివరిసారి కళ్ళు తెరిచినప్పుడు, ఆయన మర్నాటి మందుల కోసం కింద లైన్లో నిలబడి ఉన్నాడు. సంచీతో పైకి వచ్చేసరికి దుప్పటి ముఖం మీదికి కప్పి ఉంది. అది జరిగి ఆరేళ్ళు.

ముత్యానిది వేరే తీరు. ఊరేగింపులో చెవి పక్కనే టపాకాయలు పేలితే ఎగిరిపడేది, ఒళ్ళంతా వణికేది. రెండడుగులు వేశాక ఆ భయం దాని ఒంట్లో ఎక్కడా ఉండేది కాదు. ఎవరి చేతిలోనో చెరుకుముక్క కనిపిస్తే చెవులు అటు తిరిగేవి. బ్రహ్మాజీకి మాత్రం ఇంటికి చేరేదాకా గుండె దడదడే. అంత భయాన్ని అక్కడికక్కడే ఎలా వదిలేస్తుందో ఆయనకు ఎన్నటికీ అంతుపట్టని వింత.

ఇంకో వింత కూడా ఉంది. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది గానీ, ఒళ్ళు వాల్చి నిద్రపోవాలంటే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ముత్యానికి తోటి గుర్రాలు లేవు. మధ్యాహ్నం బ్రహ్మాజీ వచ్చి పాకలోని నాపరాయి అరుగు మీద కూర్చుంటేనే అది పడుకునేది. తనలాంటి పిరికివాణ్ణి నమ్ముకుని అంత ప్రాణి కళ్ళు మూస్తుంటే, మొదట్లో ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు. తర్వాత్తర్వాత ఫోను చూసుకుంటూ కూర్చోవడం అలవాటైంది.

పదకొండు గంటలకు పక్కింటి కృపమ్మ టీ గ్లాసుతో వచ్చింది. అప్పుడే ముత్యం ముందుకాళ్ళు మడతపడ్డాయి. క్షణంపాటు తాళ్ళకు వేలాడి, ఉలిక్కిపడి మళ్ళీ నిలబడింది.

"అట్టా కట్టేశావేంది అన్నా! నిద్దర ఆపుకోలేక తూలిపోతంది."

"పడుకుంటే లేవదంట కృపమ్మా."

"లేచేది తర్వాత సంగతి. ఇప్పుడు దానికి నిద్దరొస్తంది. కళ్ళు చూడు."

బ్రహ్మాజీ చూశాడు. మూడు రోజులుగా ఆయన దాని మోకీళ్ళే చూస్తున్నాడు. పాక పైరేకు చిల్లులోంచి పడుతున్న ఎండలోకి ముత్యం ముఖం పెట్టింది. బకెట్టు అంచున పిచ్చుక వాలితే రెండు చెవులూ దానివైపు తిప్పింది. ఇంత నొప్పిలోనూ, నిద్రతో తూలుతూ కూడా, ఆ పిచ్చుక వాలడం దానికి పట్టింది. రేపు పోతుందని ఏడుస్తూ, బ్రహ్మాజీ ఈరోజు ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా గడిపేశాడు. నాగవేణి దగ్గర చేసిన పనే మళ్ళీ చేస్తున్నాడు.

ముడులు బిగుసుకుపోయి వేళ్ళకు లొంగలేదు. కొడవలితో తాళ్ళు కోసేశాడు. పాక వెనక నుంచి గుప్పెడు గరిక కోసుకొచ్చాడు. ఫోను కృపమ్మ చేతిలో పెట్టి, "ఎవురు చేసినా నేను లేనని చెప్పమ్మా" అన్నాడు.

తాళ్ళు తెగినా ముత్యం కదల్లేదు. తల తిప్పి అరుగు వైపు చూసింది. బ్రహ్మాజీ వెళ్ళి అక్కడ కూర్చున్నాడు. అప్పుడు అది మోకాళ్ళు వంచి, ఒక్క మూలుగు మూలిగి, ఒరిగిపోయి కాళ్ళు బారజాపింది.

ఆయన నేల మీదకు దిగి దాని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. గరిక అందిస్తే నాలుగు పరకలు కొరికి నెమ్మదిగా నమిలింది. "పడుకో తల్లీ, నేనున్నాగా" అన్నాడు. దాని ఊపిరి అరచేతికి వెచ్చగా తగిలింది. ఆగి, మళ్ళీ తగిలింది. తర్వాతది వస్తుందా అని ఆయన ఎదురుచూడలేదు. బతికిన అరవై ఏళ్ళలో మొదటిసారి, ఆయన మనసు కూడా కూర్చున్న చోటే ఉంది. ఎంత హాయిగా ఉందో ఆయనకే నమ్మశక్యం కాలేదు. ఎండ గోడ మీదకు జరిగే వేళకు అరచేతికి ఊపిరి తగలడం ఆగిపోయింది.

సాయంత్రం ట్రాక్టరు వచ్చి ముత్యాన్ని తీసుకెళ్ళింది, వెనకే బ్రహ్మాజీ నడిచాడు. కృపమ్మ పాకంతా ఊడ్చింది గానీ అరుగు పక్కన చీపురు పెట్టలేకపోయింది. అక్కడ సగం కొరికిన గరిక ఉంది, పళ్ళు పడిన చోట ఇంకా పచ్చగానే.