చలికి లేవని దారి

పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి దారి నాకూ సోంబారత్తకూ మధ్య పడుకుని ఉంది. చాపలా చుట్టుకుని, నా దుప్పటి సగం లాక్కుంది. నిన్నటిదాకా అది కొండెక్కిన చోట ఇప్పుడు వట్టి పొదలున్నాయి. గడ్డి మీద మంచు ఉప్పులా పేరుకుంది.

"లేవే గుంటా, ఎల్దాం" అంటుంది సోంబారత్త.

కొండ అవతల ఒంటి గుడిసెలో ఆమె అక్క బుద్రత్త ఉంటుంది. ఒక పనసచెట్టు కోసం అక్కాచెల్లెళ్ళిద్దరూ మాటా మాటా అనుకుని పన్నెండేళ్ళయింది. ఈ చలికాలం దాటితే ఇక కొండ ఎక్కబోమని సోంబారత్త మోకాళ్ళు చెప్పేశాయి. అందుకే అక్కడికి బయల్దేరాం.

"దారి లేవట్లేదత్తా."

అత్త దారిని తడుతుంది. "ఏటి, ఒళ్ళు బాగోలేదా?"

"చలి" అంటుంది దారి. "నా అంచు రాళ్ళు మూడు మీ పొయ్యి కింద ఉన్నాయి. ఆ సందుల్లోంచి గాలి దూరుతోంది."

అత్త నావైపు చూస్తుంది. అడవిలో పొయ్యిరాళ్ళు వాగులోంచే తెచ్చుకోవాలి. వాగు నీళ్ళు కొరికేస్తున్నాయని నిన్న నేను దగ్గర్లో దొరికినవి తెచ్చాను.

"సదువుకున్నావు, రాయికీ ఇల్లుంటాదని తెలీదేటే?"

"పోనీలే" అంటుంది దారి. "అన్నం బాగా ఉడికింది కదా."

ఇంకా వేడిగా ఉన్న రాళ్ళను గోనెగుడ్డతో పట్టుకుని వాటి గుంటల్లో పెడతాను. మూడోది పెట్టగానే దారి ఒళ్ళు విరుచుకుని కొండ దాటిపోతుంది. వెచ్చదనం దాని అవతలి కొసకు అందాక, పిల్లిలా మళ్ళీ మా నిప్పు దగ్గరికి ముడుచుకుని వస్తుంది. ఆ కొస మీద ఒక గుడిసె ఉంది. గుడిసె ముందు బుద్రత్త చేటలో రాగులు చెరుగుతోంది.

చేట ఆగుతుంది. సోంబారత్త లేవదు.

"పన్నెండేళ్ళు పట్టిందేటే రావడానికి?"

"దారి లేవలేదప్పా."

బుద్రత్త చేట పక్కన పెడుతుంది. "మా కాడా అంతే. ఒకటే నిద్దర."

దారి నా దుప్పటి మళ్ళీ లాక్కుంటుంది.

ఇద్దరూ ఒక్కసారే నవ్వుతారు. రెండు నోళ్ళలోంచి వచ్చిన ఆవిరి గాలిలో కలిసి, నాలుగు కాళ్ళ మీద తెల్లటి ఆవులా నిలబడుతుంది. ఆ ఆవు సోంబారత్త మోకాళ్ళు నాకుతుంది. బుద్రత్త ముంత తెచ్చి పాలు పితుకుతుంది.

ముంతలో పడుతున్నది వచ్చే ఏటి చలికాలం. గోరువెచ్చగా ఉంది. నురగ మీద చిన్న చిన్న కొండలు తేలుతున్నాయి. వాటి మీద మంటలు వేసుకున్న మనుషులు మాకు చేతులూపుతున్నారు. వాళ్ళు చెదరకుండా నేను ముంత అంచు నుంచి తాగుతున్నాను.