సాగని ఉక్కు

ముల్లు పదకొండు టన్నులు దాటింది. లాబ్ నడిపే ఆవిడ మీట మీంచి చెయ్యి తియ్యలేదు. యంత్రం దవడల మధ్య వేలెడు లావు ఉక్కు ముక్క నిటారుగా బిగుసుకుని ఉంది.

మంచి ఉక్కయితే ఈపాటికి లొంగాలి. నడుము సన్నబడాలి, ముల్లు తడబడి వెనక్కి జారాలి, ఆ తరవాతే తెగాలి. ఇది లొంగలేదు. పన్నెండున్నర దగ్గర తుపాకీ పేలినట్టు ఫట్‌మంది.

బోల్టులు పరీక్షకి తెచ్చిన సైటు ఇంజినీరు మొహం వెలిగిపోయింది. పది టన్నులు మోస్తే చాలనుకుంటే ఇంకా ఎక్కువే మోసిందని, సంతకం పెట్టేయమని తొందరపెట్టాడు.

ఆమె తెగిన ముక్కలు రెండూ కలిపి పట్టుకుని, ముందుగా కొట్టిన చుక్కల మధ్య దూరం కొలిచింది. పరీక్షకు ముందు యాభై మిల్లీమీటర్లు. ఇప్పుడూ యాభయ్యే. విరిగిన చోటు చదునుగా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

“గట్టిదే సార్. కానీ రవ్వంత కూడా సాగలేదు. కుదుపొస్తే చెప్పాపెట్టకుండా విరుగుతుంది. ఈ రకం ఎక్కడ బిగిస్తారు?”

ఇంజినీరు గొంతు తగ్గించాడు. పనివాళ్ళ లిఫ్టుకట. కాగితం ఎలాగూ వస్తుంది కదా అని పొద్దున్నే బిగించేశారట.

ఆ లిఫ్టు నడిపేది ఆమె అక్క మొగుడు.

నాలుగో రింగుకి బావ ఫోనెత్తాడు.

“ఏంటి మరదలా, పనివేళ నేను గుర్తొచ్చానా?”

“బావా, లిఫ్టు ఎక్కడుంది?”

“పన్నెండో అంతస్తులో ఆపాం. సిమెంటు బస్తాలు దించుతున్నారు. లోపల ఐదుగురం.”

“బస్తాలు ఆపించు. మీట ముట్టుకోకు. ఒక్కొక్కరే మెల్లగా అంతస్తులోకి అడుగెయ్యండి, దూకొద్దు. బోల్టులు పెళుసువి.”

బావ మళ్ళీ జోకెయ్యలేదు. ఫోన్‌లో అతను ఒక్కొక్కర్నీ పిలవడం, బూట్ల చప్పుడు వినిపిస్తున్నాయి. ఒకరు. ఇద్దరు. మూడో మనిషి పనిముట్ల సంచీ కోసం వెనక్కి తిరిగితే వదిలెయ్యమని కసిరాడు. ఇక్కడ ఇంజినీరు తన ఫోన్‌లో, లిఫ్టు కింద ఉన్నవాళ్ళని దూరంగా తరమమని చెబుతున్నాడు.

నలుగురు.

ఠంగుమంది. తరవాత ఏ చప్పుడూ లేదు.

“బావా.”

ఊపిరి వినిపించింది.

“ఒకటి విరిగింది. లిఫ్టు ఓ పక్కకి ఒరిగింది.”

“నువ్వెక్కడున్నావ్?”

“ఇవతలే, నేల మీదే కూర్చున్నా. నీ పుణ్యమా అని ఇప్పుడు పన్నెండు అంతస్తులూ మెట్లు దిగాలి మరదలా.”

“దిగు,” అంది ఆమె. “నెమ్మదిగా దిగు.”