పాట పెరిగిన ఏడు

ఈ ఏడు మా ఇంటి వెనక మడుగులో పిట్టల పాటకి చెవులు దిబ్బెళ్లు పడుతున్నాయి. పొద్దున్నే కిటికీ తీసి, నీ దయ స్వామీ అని దండం పెట్టుకునేవాణ్ని. ఇంట్లో మామగారూ పాడుతున్నారు. అత్తగారు పోయాక ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడ ఉన్నన్నాళ్లూ నోట్లోంచి ముత్యం రాలని మనిషి, ఇప్పుడు గిన్నెలు తుడుస్తూ కూనిరాగం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూనిరాగం.

"నాన్న కోలుకున్నారండీ," అంది నా భార్య. దానికీ దండం పెట్టుకున్నాను.

ఆమెది మడుగులో పిట్టల్ని లెక్కపెట్టే ఉద్యోగం. పాడేది మగపిట్ట. ఒక గొంతు వినబడితే ఒక జంట ఉన్నట్టేనని రాసుకోవడం వాళ్ల ఆఫీసు పద్ధతి. ఆ లెక్కన ఏటేటా జంటలు పెరుగుతున్నాయి. పిల్లలు మాత్రం కనబడటం లేదు. అనుమానం వచ్చి ఈసారి రెల్లులో వల కట్టింది. వలలో పడ్డ పిట్టల్ని ఉంచే సంచులు పట్టుకోవడానికి నేనూ, ఊరికే కూర్చోలేక మామగారూ వెళ్లాం.

"ఈ పిట్టలకంటే నేనే నయం అల్లుడూ, వల వేయకుండానే దొరికాను."

"కాసేపు ఊరుకో నాన్నా, బెదిరిపోతాయి."

ఆడా మగా చూపుకి ఒకేలా ఉంటాయి. ఆమె పిట్టను వెల్లకిలా పట్టుకుని పొట్ట మీద మెల్లగా ఊదేది. గుడ్లు పొదిగే ఆడదైతే ఈకల కింద చర్మం బోసిగా కనబడాలి. ఊదింది, వదిలింది. మళ్లీ ఊదింది. ఆమె పెదవులు ఎండిపోయాయి.

"ఒక్క ఆడది దొరికినా చాలండీ. ఈ మడుగు బతుకుతుంది."

మనసులో దేవుణ్ని అడిగాను. ఆఖరి సంచిలోదీ మగదే.

"ఆడవన్నీ ఏమైనట్టు?" అన్నాను.

"పొదిగేటప్పుడు పిల్లి వచ్చినా, పాము వచ్చినా గూడు వదలవు. కూర్చున్నచోటే పోతాయి. ఏటా కొన్ని పోతూనే ఉన్నాయి. మేం పాటలే లెక్కపెట్టుకున్నాం."

"మరి పాట పెరిగిందిగా?"

"జోడు దొరికితే పాట తగ్గించేస్తాయండీ. దొరకనివే పొద్దస్తమానం పాడతాయి."

గట్టు మీద చెప్పుల బురద గీక్కుంటున్న మామగారి కూనిరాగం ఆగింది. నా భార్య అటు తిరిగింది. ఆయన తల ఎత్తలేదు.

"మానేద్దామనే అనుకుంటానమ్మా. మానేస్తే ఇల్లు మరీ ఖాళీగా ఉంటోంది."

ఆమె చేతిలో సంచి అలాగే పట్టుకుని వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. రెల్లులో పాట సాగుతూనే ఉంది. రేపు కిటికీ తీశాక దేవుడితో ఏమనాలో నాకు తోచలేదు.