కొత్త పిల్ల అనుమానం

మార్కాపురం పక్క పల్లెలో సుశీలమ్మ, ప్రకాశరావు దంపతులు ఏడుగురు పిల్లల్ని దత్తత తీసుకున్నారు. అందరికన్నా చివర వచ్చింది పదేళ్ళ కెజియా. వచ్చి మూడు వారాలే అయింది.

మొదటి రోజు నుంచే ఆమెకు అనుమానం. అన్నం తింటుంటే అందరూ తన మొహంలోకే చూస్తున్నారు. తలెత్తితే చూపు తిప్పేస్తున్నారు. పెద్దక్క ఎస్తేరు, అన్న శ్యాంసన్ ఓ మూల చేరి గుసగుసలాడుకుంటారు. తను దగ్గరికెళ్ళగానే ఆపేస్తారు. ఇంట్లో ఏదో పోయిందనీ, దొంగ తనేనని అనుకుంటున్నారనీ, ఇక వెనక్కి పంపేస్తారనీ కెజియాకు భయం పట్టుకుంది. బట్టల సంచిలోంచి ఒక్క గౌను కూడా బయటికి తీయలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మళ్ళీ గుసగుసలు వినబడ్డాయి. ఆమె ఇక తట్టుకోలేకపోయింది.

"నేనేం తీయలేదు! కావాలంటే నా సంచి చూసుకోండి," అని ఏడ్చేసింది.

అందరూ బిత్తరపోయారు. సుశీలమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది.

"నువ్వు తీసినావని ఎవరన్నారమ్మా? వీళ్ళు నీ ముక్కు కోసం కొట్లాడుకుంటా ఉండారు. ఈ ఇంటికి ఎవరొచ్చినా అంతే, కళ్ళు నా పోలిక, ముక్కు నా పోలిక అని పంచుకుంటారు. నువ్వు సిగ్గుపడతావని చాటుగా మాట్లాడినారు."

"ఆ ముక్కు నాదే," అన్నాడు శ్యాంసన్.

"ఏంది నీది? చిన్నప్పుడు నా ముక్కు అట్లనే ఉండేది," అంది ఎస్తేరు.

"నా బట్టతల మాత్రం ఎవరూ అడగరు," అన్నాడు ప్రకాశరావు దిగులుగా.

కెజియా నమ్మలేదు. కళ్ళు తుడుచుకుని అద్దంలో తన ముక్కు చూసుకుంది. తర్వాత శ్యాంసన్ ముక్కును పరీక్షగా చూసింది.

"ఈ అన్న ముక్కు నాకొద్దు. బజ్జీ మాదిరి ఉంది," అంది.

శ్యాంసన్ ముక్కు తడుముకున్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది కెజియానే.