మెయిన్ రాష్ట్రమూ, మూడో నంబరు రూమూ

దేవదాసు ఎడమ మోకాలు క్లచ్చి తొక్కనని మొరాయిస్తున్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు దేవదాసు, ఇంకొకరు ఆ మోకాలు.

జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి, మస్కట్‌లోని ఘాలాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ పికప్పు నడుపుతున్న దేవదాసు నోట్లో మాట ఒంటిగా పుట్టదు, కవలలుగానే పుడుతుంది. "మస్కట్ అంటే ఏందనుకున్నవురా? మస్కా కొట్టేటోడు సూపర్‌వైజరు, కొట్టనోనికి జీతం కట్టు" అంటాడు. "పప్పుల పప్పు ఏడున్నదా అని ఎతికితే నాదే తప్పన్నరు" అంటాడు. మూడో నంబరు రూములో ఆయన పై మంచం మీద పడుకునే నర్సింగ్ నిద్రలో కూడా నవ్వుతాడని క్యాంపంతా చెప్పుకుంటారు.

అలాంటి మనిషి ఆ మోకాలి మీద మాత్రం ఒక్క జోకూ వేయలేదు. మొన్న ఎండాకాలంలో నడుం పట్టేసిన ఒక మేస్త్రీని డాక్టరు అన్‌ఫిట్ అన్నాడు. ఆ మాట చల్లారకముందే కంపెనీ అతనికి ఎగ్జిట్ కొట్టి విమానం ఎక్కించింది. ఊళ్ళో భార్య శాంతమ్మ చుట్టే బీడీలతో పొగ వస్తుంది గాని పొయ్యి మండదు. అందుకని దేవదాసు గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా కుడిచేయి గేరు మీద, ఎడమచేయి మోకాలి మీద వేసి కిందికి నొక్కేవాడు. ఆ క్షణంలో స్టీరింగు దేవుడి చేతిలో, బతుకు దాసుడి చేతిలో.

సరిగ్గా అప్పుడే మెస్సు ఇన్‌చార్జి రామసుబ్బయ్య పని చాలించుకుని కడపకు వెళ్ళిపోయాడు. మెస్సు ఇన్‌చార్జికి సైటు లేదు, స్టీరింగు లేదు, క్లచ్చి అసలే లేదు. స్టూలు మీద కూర్చుని బియ్యం కొలిపించి, కూరగాయలు దింపించి, వంటవాళ్ళను అదిలిస్తే చాలు. షరతు ఒక్కటే. బస్తాలకూ నూనె డబ్బాలకూ కాపలాగా వంటింటి వెనక స్టోరు రూములోనే పడుకోవాలి. క్యాంపు బాసు ఎహసాన్ పెషావర్ మనిషి. "మీవాణ్ణి మీరే ఎన్నుకోండి. రేపు దాల్‌లో ఉప్పు లేదని నా తలుపు తట్టకండి" అని హిందీలో చేతులు దులుపుకున్నాడు.

ఆ స్టూలు దేవదాసు కంటికి సింహాసనంలా కనబడింది. కాకపోతే పోటీకి మరో ఇద్దరు దిగారు. ఒకటో రూము నుంచి ప్లంబరు జయరాముడు, గోదావరి మనిషి. నాలుగో రూము నుంచి నిజామాబాద్ వడ్రంగి అజ్మత్, బిర్యానీ వండితే పక్క క్యాంపు కుక్కలు కూడా వచ్చి సలాం కొడతాయి. జయరాముడికి మంచితనం ఉంది, అజ్మత్‌కు మసాలా ఉంది. దేవదాసుకు మాట ఉంది. మాట ఒక్కటే చాలదని ఆయనకూ తెలుసు.

ఉపాయం అమెరికా నుంచి వచ్చింది.

దేవదాసు రోజూ సీబ్‌లోని విల్లా నుంచి సైటుకు తీసుకెళ్ళే ఇంజినీరు పేరు వారెన్. తల నున్నటి బోడిగుండు, ఒమాన్ ఎండకు ఇత్తడి చెంబులా మెరుస్తుంది. ఊరు అమెరికాలో ఎక్కడో చలి కొస, మెయిన్ రాష్ట్రం. అది తొంభై రెండు నవంబరు. వాళ్ళ దేశంలో ప్రెసిడెంటు ఎన్నికలు. దారి పొడుగునా పికప్పులో రేడియో మోగేది, ఆపైన వారెన్ మోగేవాడు, సగం ఇంగ్లీషూ సగం హిందీ కలిపి.

"చాలా రాష్ట్రాల్లో లెక్క ఇది, దేవా! ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం మొత్తం వాడిదే. పెద్ద రాష్ట్రం కొట్టినవాడు గట్టెక్కుతాడు."

"మీ మెయిన్ ఎవరికి సార్?"

"అడగాలా? ఇప్పటి ప్రెసిడెంటు బుష్‌కే. ఆయన సముద్రపు ఒడ్డు ఇల్లు మా దగ్గరే. వేసవి వస్తే మా నీళ్ళలోనే చేపలు పడతాడు. పోయినసారి మేమే గెలిపించాం. దేశం మొత్తం అటూ ఇటూ అయినా మెయిన్ కదలదు. సొంత మనిషిని ఎవడు ఓడిస్తాడు?"

ఆ చివరి మాట దేవదాసు చెవిలోంచి బుర్రలోకి, బుర్రలోంచి క్యాంపులోకి దిగింది. ఆ సాయంత్రమే నలుగురినీ పోగేసి, అమెరికా పద్ధతి ప్రవేశపెట్టాడు. ప్రతి రూమూ ఒక రాష్ట్రం. రూములో ఎవరికి ఎక్కువ పడితే ఆ రూము తలకాయలన్నీ అతనివే. రెండో నంబరు రూమంతా జగిత్యాలవాళ్ళే, అది జేబులో ఉంది. మూడో నంబరు అన్నిటికంటే పెద్ద రూము, తన సొంత రూము. ఆ రెండూ కలిస్తే మిగతా రెండు రూములూ చాపలు చుట్టుకోవచ్చు.

"మూడో నంబరే మన మెయిన్!" అని తొడ కొట్టబోయి, తొడ కిందే మోకాలున్న సంగతి గుర్తొచ్చి చప్పట్లు కొట్టాడు.

జయరాముడు నవ్వాడు. "ఆయ్, మీ ఇష్టం అండి. మీరు పెట్టిన రూలేనండి మరి, తర్వాత మాది కాదనకూడదు."

"అనేదే లేదు జయరాముడూ. రూలుకు రూము, రూముకు నేను!"

అమెరికా ఓట్లు మంగళవారం పడ్డాయి. బుధవారం రేడియోలో బుష్ ఓడిపోయాడని చెప్పారు. వారెన్ ఆ రోజంతా మెయిన్ ఫలితం కోసం కాచుకున్నాడు. గురువారం పొద్దున విల్లా గేటు దగ్గర పికప్పు ఎక్కినప్పుడు మాత్రం ఆ ఇత్తడి చెంబు రాగి చెంబయింది.

"మా తమ్ముడు ఫోన్ చేశాడు దేవా. మూడో స్థానం!"

"ఎవలు సార్?"

"బుష్. మెయిన్‌లో. క్లింటన్ మొదటివాడు. సరే, పోనీ. రెండోవాడు ఎవడు? పెరో! ఏ పార్టీ లేనివాడు, టెక్సాస్ డబ్బున్న ఆసామి! కొద్ది వందల ఓట్ల తేడాతో మా మనిషిని మూడోవాణ్ణి చేశారు. ఇల్లున్న చోట!"

దేవదాసు క్లచ్చి సంగతి మరిచి బ్రేకు తొక్కాడు. పికప్పు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. వారెన్ గమనించే స్థితిలో లేడు.

"ఇంకా విను. నువ్వెవరికి వేశావురా అని తమ్ముణ్ణి అడిగాను. బుష్‌కు వేయలేదట! ఎందుకురా అంటే, ఓడిపోతే ఇంటికొచ్చేస్తాడు, ఏడాది పొడుగునా మనతో చేపలు పడతాడు అంటాడు. ఇది వేళాకోళమా, ప్రేమా?"

"ప్రేమ ఉన్నోడు ఓటేస్తడు గని వేటేస్తడా సార్?" అన్నాడు దేవదాసు.

ఆ కథ ఆ సాయంత్రం మూడో నంబరు రూములో ఘనంగా నడిచింది. "బుష్షంటే పొదనటరా. పెరటి చెట్టే మందుకు పనికిరాదంటరు, ఇగ పెరటి పొదను ఎవలు పట్టించుకుంటరు? అసలు ఆయన పక్కింటోళ్ళను పలకరించిండా అని నాకు అనుమానం. నన్ను సూడుండ్రి. రోజూ మిమ్ముల నవ్విస్తున్ననా లేదా?"

రూమంతా నవ్వింది. నర్సింగ్ నవ్వాడు, పక్క మంచం నర్సయ్య నవ్వాడు. ఊళ్ళోంచి దేవదాసు తానే పిలిపించుకున్న బామ్మర్ది, శాంతమ్మ తమ్ముడు సంజీవ్ కూడా నవ్వాడు. కాకపోతే నవ్వు ఆగినాక సంజీవ్ ఒక మాట అడిగాడు. "బావా, గెలిస్తే ఇగ స్టోరు రూముకు పోవుడేనా?"

"గెలిచిన్నాడే మంచం లేసినట్టు. రాజుకు రాజమహల్ ఉండాలె గదా!"

ఎవరూ ఏమీ అనలేదు. దేవదాసుకు ఆ నిశ్శబ్దం గౌరవంలా వినబడింది.

శుక్రవారం భోజనాలయ్యాక ఓట్లు. చదువు రానివాళ్ళు సగం మంది, అందుకని గుర్తులు పెట్టారు. జయరాముడికి శెనగ గింజ, అజ్మత్‌కు ఎండుమిరపకాయ, దేవదాసుకు ఖర్జూరపు గింజ. రూముకొక పాలపొడి డబ్బా, పైన గుడ్డ. ఒక్కొక్కరే వచ్చి గుడ్డ కింద చేయి పెట్టి గుప్పిట విప్పి పోయారు. ఎహసాన్ ఎన్నికల అధికారి.

ఒకటో రూము డబ్బా బోర్లించాడు. గలగలా శెనగలు. నాలుగో రూములో మిరపకాయలు, ఎహసాన్‌కు రెండు తుమ్ములు వచ్చాయి. రెండో రూములో ఖర్జూరపు గింజలు. అంతా అనుకున్నట్టే. దేవదాసు స్టూలు వైపు చూసి, కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకుని, ఎడమకాలు కొంచెం చాపాడు కూడా.

మూడో నంబరు డబ్బా బోర్లించారు.

శెనగలు పడ్డాయి. ఇంకా పడ్డాయి. వాటి మీద మిరపకాయలు పడ్డాయి. ఎహసాన్ డబ్బాను ఊపాడు. అడుగున ఏదో ఒంటరిగా కొట్టుకుంది. అరచేత్తో డబ్బా అడుగు మీద కొడితే అది బయటికి దూకింది.

"ఏక్ ఖజూర్" అన్నాడు ఎహసాన్.

ఒక్క గింజ. అది దేవదాసు తాను వేసుకున్నదే.

ఆయన నోరు తెరిచాడు. పదేళ్ళలో మొదటిసారి ఆ నోట్లోంచి కవలలు కాదు కదా, ఒంటి మాట కూడా రాలేదు. డబ్బాలోకి తొంగి చూశాడు. గుడ్డ దులిపి చూశాడు. నర్సింగ్ ముఖం చూశాడు, నర్సింగ్ పైకప్పు చూశాడు. నర్సయ్య తన చెప్పులు చూసుకున్నాడు. బామ్మర్ది సంజీవ్ అసలు అక్కడే లేడు, తలుపు వెనక అతని భుజం మాత్రం ఉంది. పెద్ద రూముతో సహా జయరాముడు గెలిచాడు. ఎవరో ఈల వేశారు. దేవదాసు రూములోకి నడిచాడు, గోడ పట్టుకుని. మూడో స్థానం. ఇల్లున్న చోట.

వెనకే రూమంతా వచ్చింది.

"ఏం పాపం జేసినరా?" దేవదాసు వాళ్ళ వైపు తిరిగాడు. "సంజీవ్, మీ అక్క ముఖమన్న గుర్తుకు రాలేదారా?"

సంజీవ్ కళ్ళు తుడుచుకున్నాడు. "గెలిస్తే స్టోరు రూముకు పోతవు గద బావా! నువ్వు పోతే ఈ రూముల ఏమున్నది? గోడలు, ఇనుప మంచాలు. నేనొక్కన్ని ఏయకుంటే ఏమైతది, అందరు ఏస్తరు గదా అనుకున్న. నా మనసుల మాట డబ్బాకన్న చెప్పుకున్నట్టయితదని..."

"నేను గూడ నేనొక్కన్నే అనుకున్న" అన్నాడు నర్సయ్య తెల్లబోయి.

"నేను గూడ!" అన్నాడు నర్సింగ్. "డ్యూటీ చేసి ఒళ్ళు హూనమై వస్తమన్నా. నీ మాటలతోనే మళ్ళ మనుషులమైతం. అందుకే మిరపకాయ ఏసిన. ఏసి చేతితోని కండ్లు నలుపుకున్న, అందుకు దేవుడు శిక్ష గూడ ఏసిండు."

ఒకడి ముఖం ఒకడు చూసుకున్నారు. రూము నిండా దొంగలు, అందరూ ఒకే దొంగతనం చేసినవాళ్ళు.

దేవదాసు మంచం మీద కూర్చుని లుంగీ పైకి లాగాడు. ఎడమ మోకాలు పొంగిన రొట్టెలా ఉంది. "ఇది నాలుగు నెలల సంది వంగుతలేదు. చేతితోని వత్తి క్లచ్చి తొక్కుతున్న. మెస్సుల కూసుంటే ఎవలకు తెల్వది, కొలువు నిలుస్తది అనుకున్న. ఇగ ఇయ్యాల్నో రేపో డాక్టరు చూస్తడు, ఎగ్జిట్. మీరు నన్ను రూముల ఉంచుకుందామని ఓడగొట్టిండ్రు. నేను దేశమే దాటిపోతున్న."

నర్సింగ్ చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మరి చెప్పలేదేం బావా?" సంజీవ్ గొంతు పిల్లవాడి గొంతయింది.

"నవ్వించెటోడు కుంటితే ఎవలు నవ్వుతరురా?"

గుమ్మంలో ఎవరో దగ్గారు. గెలిచిన జయరాముడు, మిఠాయి పొట్లం పట్టుకుని. ఎంతసేపటి నుంచి విన్నాడో, పొట్లం నలిగిపోయి ఉంది.

"ఏవండీ దేవదాసుగారూ, నాకొకటి తెలీదండి. ఆ అమెరికా ప్రెసిడెంటు గారికి పక్కన ఒకాయన ఉంటాడట కదండీ, వైసో ఏదో?"

"వైస్ ప్రెసిడెంటు. అయితే?"

"రూలు పెట్టిన మీరు అది మర్చిపోయారేంటండి? నేను స్టోర్లో పడుకుంటానండి, వైసు గారు రూములోనే పడుకోవచ్చండి. ఉల్లిపాయలు కూర్చునే తరుగుతారండి ఎవరైనా. కాకపోతే కంపెనీ ఒప్పుకోవాలండి."

అదే చిక్కు. కంపెనీ ఒప్పుకోవాలంటే మోకాలు బయటపడాలి.

శనివారం పొద్దున దేవదాసు పికప్పును ఎలాగో సీబ్ దాకా తెచ్చాడు. వారెన్ ఎక్కబోతుంటే తాళం చెవి తీసి చేతిలో పెట్టాడు. నాలుక మీదికి జోకు వచ్చింది. మింగేశాడు.

"సార్, మోకాలు ఖలాస్. నాలుగు నెలలు మీకు చెప్పలేదు."

వారెన్ ముఖం మళ్ళీ రాగి రంగుకు తిరిగింది. "నాలుగు నెలలు ఈ కాలితో నన్ను హైవే మీద తిప్పావా?" అని అరిచాడు. తర్వాత తనే స్టీరింగు ముందు కూర్చుని, పక్క సీటు చూపించాడు. దేవదాసు ఎక్కాడు. ఆ సీటులో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దారిలో మెస్సు సంగతి, డబ్బా సంగతి, ఒంటి గింజ సంగతి చెప్పాడు. వారెన్ రోడ్డు మీదే కళ్ళు పెట్టి నడిపాడు. ఎదురుగా ఎయిర్‌పోర్టు బోర్డు కనబడింది. బండి ఇండికేటరు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. దేవదాసు గుండె దానికి తాళం వేసింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, చొక్కా సబ్బు బకెట్లో, శాంతమ్మకు ఏం చెప్పాలి...

వారెన్ ముందున్న నీళ్ళ ట్యాంకరును దాటేసి ఇండికేటరు ఆపాడు. ఎయిర్‌పోర్టు వెనక్కి పోయింది.

"నీ సొంత రూము" అన్నాడు చివరికి. "మూడో స్థానం?"

"ఒక్క ఓటు సార్. నాదే."

"బుష్ నయం" అన్నాడు వారెన్. పెదవులు వణికాయి. అది నవ్వని తెలియడానికి దేవదాసుకు కొంచెం సేపు పట్టింది. "ముందు డాక్టరు. ఆయన కూర్చునే పనికి సరేనంటే ఉల్లిపాయల సంగతి నేను మాట్లాడతాను. కాదంటే నా చేతిలో లేదు. సరేనా?"

బోడిగుండుకూ మోకాలికీ ముడి వేయకూడదని పెద్దలన్నారు. ఈ ఒక్కసారికి వాళ్ళు ఓడితే బాగుండుననుకున్నాడు దేవదాసు.

ఆస్పత్రికి పోయే ముందు ఎహసాన్‌కు చెప్పడానికి బండి క్యాంపు ముందు ఆగింది. గేటు దగ్గర మూడో నంబరు రూమంతా కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది. అమెరికా ఇంజినీరు డ్రైవరు సీట్లో, దేవదాసు దొర సీట్లో. చూసినవాళ్ళ నోళ్ళు డబ్బాల్లా తెరుచుకున్నాయి. సంజీవ్ పరుగెత్తి వచ్చి కిటికీ పట్టుకున్నాడు.

"బావా! యాడికి? ఎయిర్‌పోర్టుకా?"

దేవదాసు వాడి ముఖం చూశాడు. ఏడవడానికి సిద్ధంగా ఉన్న ముఖం. నోట్లో కవలలు కదిలాయి.

"కాదురా, కాలు చూపెట్టుకోను. నా మంచం మీద ఎవనన్న కాలు పెట్టిండంటే చూసుకోండ్రి. నేనొచ్చేదాక అది నాదే."