సత్తెనపల్లి జీపు

నాగేంద్రబాబుకి లోకంలో ఎవరిమీదా అసూయ లేదు. పక్క చేలో మిర్చి తనకన్నా విరగకాసినా, పాలివాళ్ళు గుంటూరులో మేడ కట్టినా "పోనీలే, వాడి అదృష్టం" అనేసి ఊరుకునేవాడు. ఈ సంగతి అతనే పదిమందికీ చెప్పుకునేవాడు, పదిమందీ నమ్మేవాళ్ళు. ఆ మంచితనం ఎంత పల్చటిదో మేనత్త కొడుకు లక్ష్మీకాంత్ సత్తెనపల్లి నుంచి జీపు తెచ్చుకున్న రోజున తేలిపోయింది.

అసలు ప్రత్తిపాడులో పాత జీపుల పిచ్చికి ఆద్యుడు నాగేంద్రబాబే. ఇంటి వెనక పత్తి నిలవచేసే కొట్టు ఖాళీ చేసి షెడ్డు కింద మార్చాడు. ఎక్కడెక్కడో మూలపడిన జీపుల్ని లారీ మీద తెప్పించి, తుప్పు గీకించి, రేకులకు మాట్లు వేయించి, ఇంజను విప్పించి, మళ్ళీ రోడ్డెక్కించేవాడు. అలా రెండింటికి ప్రాణం పోశాడు. ఊళ్ళో కొత్తగా పెళ్ళయిన జంట ఊరేగాలన్నా, వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్ళాలన్నా ఆ జీపులే. లక్ష్మీకాంత్ ఎరువుల కొట్టు నడుపుకునే మనిషి. సాయంత్రాలు బావ షెడ్డుకొచ్చి, సుత్తులూ స్పానర్లూ అందిస్తూ తనూ ఆ పిచ్చిలో పడ్డాడు. బోల్టు ఎటు తిప్పితే ఊడుతుందో అతనికి నేర్పింది కూడా నాగేంద్రబాబే.

అయితే నాగేంద్రబాబు మనసు ఆ రెండు జీపుల్లోనూ లేదు. అది సత్తెనపల్లిలో ఉంది. గురునాథం గారని, అక్కడ ఒకప్పుడు పత్తి జిన్నింగు మిల్లు నడిపిన పెద్దాయన. మిల్లు మూతబడింది గానీ దాని షెడ్డులో ఒక జీపు మిగిలిపోయింది. యుద్ధం నాటి మిలిటరీ బండి. గురునాథం గారి తండ్రి వేలంలో పాడి తెచ్చింది. స్టీరింగు ఎడమవైపు. పత్తి అమ్మడానికి వెళ్ళిన రోజుల్లో నాగేంద్రబాబు దాన్ని మొదటిసారి చూశాడు, అంతే. ఆ ఎడమవైపు సీట్లో కూర్చుని, ఆ సన్నటి స్టీరింగు పట్టుకుని, అమరావతి దాకా తోలాలి. ఇల్లూ పొలమూ పిల్లల చదువులూ అన్నీ అమరిన మనిషికి కోరికంటూ ఉన్నది అదొక్కటే. ఒకసారి సీట్లో కూర్చుంటానని అడిగితే గురునాథం గారు "కొన్నాక కూర్చోవయ్యా" అన్నారు.

మరెందుకు కొనలేదు? ఇక్కడే ఉంది తిరకాసు. నాగేంద్రబాబుకి బేరం ఒంటబట్టింది గుంటూరు మిర్చి యార్డులో. అక్కడ కొనేవాడు టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి, విరిచి చూసి, చేదు మింగిన మొహం పెడతాడు. "తాలు ఎక్కువుందయ్యా. తేమ ఆరలేదు. రంగేదీ?" అంటాడు. సరుకు ఎంత నచ్చితే అంత తిడతాడు. తిట్టి, వెనక్కి చూడకుండా నడిచిపోతాడు. అమ్మేవాడు చచ్చినట్టు వెనక్కి పిలవాలి. అది యార్డు పద్ధతి. ఏటేటా మిర్చి అమ్మకం కాగానే నాగేంద్రబాబు సత్తెనపల్లి వెళ్ళి అదే పద్ధతి నడిపాడు. టైరును కాలితో తన్నేవాడు. "ఛాసిస్ తుప్పు తినేసింది గురునాథం గారూ. ఇంజను బిగుసుకుపోయింది. ఇది పాత ఇనుముకు తప్ప దేనికీ పనికిరాదు. ఏదో మీరున్నారని అడుగుతున్నా" అని వెనక్కి చూడకుండా నడిచొచ్చేవాడు. ఏ సంవత్సరమూ వెనకనుంచి పిలుపు రాలేదు. ఈ వ్యవహారం మూడో చెవిన పడితే పోటీ వస్తుందని లక్ష్మీకాంత్‌కి కూడా చెప్పలేదు. అదీ యార్డు పద్ధతే.

లక్ష్మీకాంత్ ఎరువుల డీలర్ల మీటింగుకని సత్తెనపల్లి వెళ్ళి, ఎవరో చెబితే ఆ మిల్లులోకి తొంగిచూశాడు. జీపు కనపడగానే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "ఎంత బాగుందండీ! దీన్ని తోలింది మీరేనా?" అన్నాడు. అంత మాట ఆ పెద్దాయన్ని ఎన్నాళ్ళ నుంచి ఎవరూ అడగలేదో ఏమో, ఆయన తన వయసంతా విప్పి చెప్పారు. భోజనం పెట్టారు. గోంగూర మారు వడ్డించారు. చెయ్యి కడుక్కునే వేళకి జీపు లక్ష్మీకాంత్‌ది అయిపోయింది.

బండిని లారీ మీంచి దించిన సాయంత్రం లక్ష్మీకాంత్ ఒళ్ళు తెలియని సంతోషంతో బావ భుజం మీద చెయ్యేశాడు.

"బావా, ఆయన ఏమన్నారో తెలుసా? ఏడాదికోసారి ఎవడో వచ్చి నా బండిని నోటికొచ్చినట్టు తిట్టిపోతాడయ్యా, వాడికి మాత్రం చచ్చినా ఇవ్వను అన్నారు. అంత బంగారంలాంటి బండిని తిట్టడానికి నోరెట్టా వచ్చిందంటావు? ఎవడో వెధవ!"

"ఎవడో వెధవే" అన్నాడు నాగేంద్రబాబు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు.

కడుపుమంట అంటే ఏమిటో ఆ తర్వాతి నెలల్లో అతనికి బాగా తెలిసొచ్చింది. మిరప కోతలు నడుస్తున్నా సరే, పొద్దున్నే కాఫీ తాగి మేనత్త ఇంటి దొడ్లోకి పోవడం, ఆ జీపు చుట్టూ తిరిగి ఏదో ఒక వంక పెట్టడం. గుంటూరు నుంచి వచ్చే మెకానిక్కు షఫీక్ ఇంజను దించితే "బోరు పోయుంటుంది" అన్నాడు. బోరు బాగానే ఉంది. రేకు గీకితే "లోపలంతా చిల్లులే" అన్నాడు. చిల్లులు లేవు. ఆకుపచ్చ మిలిటరీ రంగు వేస్తే "తడిసిన తుమ్మాకులా ఉంది" అన్నాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ రంగే కళ్ళముందు మెదిలేది. ఊరి జనం తన షెడ్డు ముందునుంచి, తన జీపుల వంక కన్నైనా తిప్పకుండా, మేనత్త ఇంటికి పోతుంటే పళ్ళు నూరుకునేవాడు. అది తన బండి. తను ఏళ్ళ తరబడి ప్రేమించిన బండి. నిన్నగాక మొన్న స్పానరు పట్టినవాడు ఒక్క పూటలో, ఒక విస్తరి అన్నం తిని ఎగరేసుకుపోయాడు.

"వాడు మీకు తమ్ముడి వరస కాకపోయినా తమ్ముడిలాంటివాడే కదండీ. ఎందుకట్టా కుళ్ళిపోతారు?" అంది భార్య లక్ష్మీదుర్గ.

"నేనా? నాకెందుకే కుళ్ళు? బండి బాగోగులు చెబుతున్నా."

"బాగులేమీ చెప్పలేదుగా, అన్నీ ఓగులే" అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

ఆవిడకేం తెలుసు. బండి మొదటిసారి స్టార్టయి, దొడ్డంతా దద్దరిల్లి, అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నాగేంద్రబాబూ కొట్టాడు. కొడుతూ లోపల ఒకే మాట అనుకున్నాడు. భగవంతుడా, ఒక్క రోజు, నలుగురూ చూస్తుండగా ఇది మొరాయించాలి.

భగవంతుడు ఆలస్యం చేయలేదు.

ఆదివారం అమరావతి ప్రయాణం పెట్టుకున్నారు. అమరేశ్వరుడి గుడి ముందు బండికి పూజ చేయించి తిరిగి రావాలని. పొద్దున్నే బంధువులూ ఊళ్ళోవాళ్ళూ లక్ష్మీకాంత్ ఇంటిముందు చేరారు. జీపుకి బంతిపూల దండ వేశారు. వెనక రావడానికి రెండు కార్లు సిద్ధంగా ఉన్నాయి. వారం రోజులుగా ఒక్క పిలుపుకే పలికిన ఇంజను, సరిగ్గా ఆ పూట, దగ్గి, గురకపెట్టి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ అంతే. షఫీక్ బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. "పెట్రోలు వస్తాంది సార్, కరెంటే సరిగా అందట్లా. చూస్తా ఉండండి" అన్నాడు.

నాగేంద్రబాబు గుండెల్లో ఒక్క క్షణం పాలు పోసినట్టయింది. ఆ వెంటనే లక్ష్మీకాంత్ మొహం చూశాడు. ఏడవబోయే మొహం. పాలు విరిగిపోయాయి. తను అనుకున్న మాట అనుకున్నట్టే జరిగింది. తన కంటికి నిజంగా అంత బలముందా?

"దిష్టి" అంది హనుమాయమ్మ.

ఆవిడ లక్ష్మీకాంత్ తల్లి, నాగేంద్రబాబుకి మేనత్త. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, గేదె పాలు ఎగ్గొట్టినా ముందు ఆవిడ మాటే. "ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ దీని మీదే పడ్డాయి. తియ్యకపోతే ఇంకేం కదులుద్ది? ఒరేయ్ నాగేంద్రా, మా ఇంట్లో కాయ పాతబడింది. మీ కల్లంలోంచి నాలుగు ఎండుమిరపకాయలు పట్రా. ఘాటైనవి తే."

నాగేంద్రబాబు లేచాడు. ఆ ప్రాంతంలో దిష్టి తీసే పద్ధతి అతనికి తెలియనిది కాదు. ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టుకుని మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు లేచి అందరూ ఖళ్ళుఖళ్ళున దగ్గితే ఏమీ లేనట్టు. దగ్గు రాలేదా, దిష్టి బలంగా తగిలినట్టే. ఎవరిదా అని ఇక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇన్ని నెలలుగా ఆ బండికి పూటకో వంక పెట్టింది ఎవరో ఊరంతటికీ తెలుసు. అందుకే కల్లంలో రాశి మీద కూర్చుని ఏరి ఏరి తేజ కాయ తెచ్చాడు. తొడిమ తుంచితేనే తుమ్ములొచ్చే కాయ. నాలుగు తెమ్మంటే గుప్పెడు తెచ్చాడు.

హనుమాయమ్మ జీపు చుట్టూ తిరిగింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయేవాళ్ళ దిష్టి, అయినవాళ్ళ దిష్టి, కానివాళ్ళ దిష్టి..." అయినవాళ్ళ అన్నచోట ఆవిడ గొంతు పెంచిందో, నాగేంద్రబాబు చెవులే పెరిగాయో. పెంకులో నిప్పులు పోయించి గుప్పెడూ అందులో వేసింది. అందరూ కొంగులూ రుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు.

కాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. ఘాటు లేదు.

గాలి అటు కొట్టిందో, నిప్పు చాల్లేదో, ఉప్పు ఎక్కువైందో ఎవరికెరుక. కొంగులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. తేజ కాయ, అందులోనూ గుప్పెడు, మాట్లాడకుండా మాడిపోతోంది. ఇక అందరి కళ్ళూ ఎటు తిరుగుతాయో నాగేంద్రబాబుకి తెలుసు. అవి తిరగకముందే అతను దగ్గాడు.

ఒకసారి మొదలుపెట్టాక ఆపడం ఎలాగో తెలియలేదు. కళ్ళు మూసుకుని, వంగి, గుండె పట్టుకుని దగ్గాడు. మిగతావాళ్ళు కూడా అందుకుంటారని ఆశ. ఎవరూ అందుకోలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నంత పనీ అయింది. కళ్ళు తెరిచేసరికి ఊరంతా అతన్నే చూస్తోంది.

"ఘాటొచ్చిందిరా?" అంది హనుమాయమ్మ.

"వచ్చిందత్తా. మా కాయ కదా."

"నిప్పుల మీద వంగింది నేనురా. నాకు రాలా."

సరిగ్గా అప్పుడే జీపు గర్జించింది. "పాయింట్ల మీద మసి పట్టింది సార్, గీకేశా" అని షఫీక్ చేతులు తుడుచుకున్నాడు. జనం దిష్టీ దగ్గూ మర్చిపోయి ఈలలు వేశారు. లక్ష్మీకాంత్ మాత్రం చెంబుతో నీళ్ళు పట్టుకుని బావ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"తాగు బావా. ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు? చెప్పవేం? అయ్యో, అంతా పాడయింది. అమరావతి దాకా నువ్వే తోలాలని అనుకున్నానయ్యా. ఎవరికీ చెప్పలా, అమ్మకి తప్ప. నాకు స్పానరు పట్టడం నేర్పింది నువ్వు. ముందు నువ్వు కూర్చున్నాకే నేను కూర్చోవాలని, ఈ వారమంతా ఆ సీట్లో నేను కూర్చోలా. కావాలంటే షఫీక్‌ని అడుగు, పక్కన నిలబడే స్టార్ట్ చేయిస్తున్నా. ఇప్పుడీ దగ్గుతో టాపు లేని బండిలో, ఆ దుమ్ములో ఎట్టా?"

నాగేంద్రబాబు ఎడమవైపు సీటు చూశాడు. కొత్తగా కుట్టించిన కాన్వాసు, ఎవరూ కూర్చోని సీటు. ఇంజను కంపానికి స్టీరింగు సన్నగా వణుకుతోంది. ఒంట్లో ఉన్న ప్రాణమంతా అటే లాగింది. నాకేం కాలేదురా, బాగానే ఉన్నా అంటే చాలు. కానీ ఆ మాటంటే మరి దగ్గిందెందుకో చెప్పాలి.

హనుమాయమ్మ దగ్గరికొచ్చింది. కొడుకు చేతిలోంచి తాళం తీసుకుని మేనల్లుడి ముందు పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"నిజం చెప్పరా. దగ్గు రాలేదంటే ఎవరూ నిన్నేమీ అనరు. నేను అననివ్వను. ఎక్కి తోలుకో."

ఆవిడ కళ్ళల్లో కోపం లేదు. అదే అతనికి భరించశక్యం కాలేదు. వెనక లక్ష్మీకాంత్, ఏమీ తెలియని మొహంతో, ఆశగా చూస్తున్నాడు. జనమంతా చూస్తున్నారు. తాళం చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

నాగేంద్రబాబు నోరు తెరిచాడు. తెరిచి, ఇందాకటికన్నా గట్టిగా, కళ్ళనీళ్ళు కారేలా దగ్గాడు.

హనుమాయమ్మ తాళం కొడుక్కి ఇచ్చేసి, "బావని కారులో ఎక్కించు నాన్నా, అద్దాలు మూసెయ్" అంది.