గుంట సిద్దిరాములు సలాం

తుపాకులవాళ్లు వస్తున్నారని మెట్‌పల్లిలో పుకారు లేచిన రోజున సిద్దిరాములు తన మగ్గం గుంటలోకి దూకి దాక్కున్నాడు. నేసేవాడు కాళ్లు పెట్టుకోవడానికి తవ్విన గుంట అది, మనిషి మొత్తం పట్టడానికి కాదు. అయినా పట్టాడు. వాకిట్లో అడుగుల చప్పుడు దగ్గరైనకొద్దీ ఇంకా ముడుచుకున్నాడు. తీరా వచ్చింది ఊళ్లో కర్ర తిప్పే రాయమల్లు ఇంటి బర్రె. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన రాయమల్లు గుంటలోకి తొంగిచూసి, కడుపు పట్టుకుని నవ్వి, పొద్దుగూకేలోపు ఊరంతా చాటాడు.

అప్పట్నుంచి అతను గుంట సిద్దిరాములు. ఊళ్లో అదే పేరున్నవాళ్లు మరో ఇద్దరుండటంతో ఈ గుర్తు అందరికీ తెగ నచ్చింది. కోపం వస్తే పెళ్లాం శంకరవ్వ కూడా అలాగే పిలిచేది.

ఏళ్లు గడిచినా ఆ పేరు మాత్రం పోలేదు. నలభై దాటి, మీసం నెరిశాక, సిద్దిరాములు కర్రసాము నేర్పే మొండయ్య తాలీం గడప తొక్కాడు.

"వచ్చే దసరాకు నలుగురి ముంగట రాయమల్లుతోని కర్ర కలుపుత. గా పేరు పోవాలె ఉస్తాద్."

మొండయ్య బక్కపలచని ముసలాయన. దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "ముందుగాల సలాం నేర్చుకో. కర్ర నిలబెట్టి ఉస్తాద్ పేరు చెప్పాలె. నేల తాకి కండ్లకద్దుకోవాలె. ఎవల పెద్దల పేరు వినవడితే వాళ్లు గూడ గట్లనే వంగాలె. సలాం పూర్తిగ ఒడువకముందు దెబ్బ ఏసినోడు మనిషే కాదు."

సిద్దిరాములు రోజూ ముంతెడు కల్లు తీసుకుపోయి ఇచ్చేవాడు, సలాం చేసేవాడు. "దెబ్బెప్పుడు ఉస్తాద్?" అని అడిగితే, "నడుమే వంగలే. సలాం సక్కగ రాలే, అప్పుడే దెబ్బనా?" అని కసిరేవాడు మొండయ్య. వానలు వెనకబట్టాయి, తంగేడు పూసింది. సలాం ఇంకా చక్కగా రాలేదు.

"పొద్దంత వంగుడు, లేసుడేనా? గా వంగుడేదో ఇల్లు ఊడ్సుకుంట వంగరాదు!" అనేది శంకరవ్వ.

దసరా పొద్దున, రాయమల్లుకు సవాలు చెప్పేసి వచ్చి, సిద్దిరాములు ఉస్తాద్ కాళ్ల మీద పడ్డాడు. ఒక్క దెబ్బన్నా నేర్పమన్నాడు. మొండయ్య చుట్టూ చూసి మెల్లగా అన్నాడు.

"నాకు వచ్చిందే గంత బిడ్డా. మా ఉస్తాద్ సలాం నేర్పి సచ్చిపోయిండు."

"మరి గిన్నేండ్ల సంది తాలీమెట్ల నడుపుతున్నవ్?"

"అందరు సలాం కాడనే ఇసుగొచ్చి పోతరు. పేరు నాది మొండయ్యగని, అసలు మొండోనివి నువ్వు. ఆగినవ్."

సిద్దిరాములుకు ఈసారి దాక్కోవడానికి ఏ గుంటా చాలదు, ఊరు ఊరంతా బజారులోనే ఉంది.

సాయంత్రం జనం గుండ్రంగా నిలబడ్డారు. రాయమల్లు పెద్ద బొజ్జతో, నూనె పట్టించిన కర్రతో బరిలో దిగి, "గుంటలకెల్లి ఎల్లినవా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. సిద్దిరాములు కర్ర నిలబెట్టి, వచ్చిన ఒక్క విద్య మొదలుపెట్టాడు. తన ఉస్తాద్‌కు సలాం. ఉస్తాద్ ఉస్తాద్‌కు సలాం. ఇక అయిపోవాలి. అయిపోతే దెబ్బలు. అందుకని రాయమల్లు ఉస్తాద్‌కూ సలాం అన్నాడు. రాయమల్లు వంగి నేల తాకక తప్పలేదు.

అక్కడ సిద్దిరాములుకు దారి దొరికింది. వాళ్ల ఇల్లు తరతరాలుగా ఊరందరికీ పెళ్లిబట్టలు నేసిన ఇల్లు. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు పోయారో అతనికి తెలియంది లేదు. రాయమల్లు బాపుకు సలాం. తాతకు సలాం. చిన్న తాతకు సలాం. రాయమల్లు వంగుతున్నాడు, లేస్తున్నాడు, చెమటలు కక్కుతున్నాడు. "మా తాత పేరు గూడ చెప్పు!" అని జనంలోంచి అరిచారు. వాళ్ల తాతకూ సలాం.

"ఇగ ఒడువదా?" అని రొప్పాడు రాయమల్లు.

"ఇంకొక్కటి. 'మా రాయమల్లుగానికి చిన్నంచు ధోతి నెయ్యి' అనుకుంట మా బాపు మగ్గం కాడ కూసున్న కమలవ్వకు సలాం!"

తల్లి పోతే రాయమల్లును సాకిన మేనత్త ఆమె. పిల్లల్లేని మనిషి, పోయాక ఆమె పేరెత్తినవాళ్లు లేరు. రాయమల్లు వంగాడు, మళ్లీ లేవలేదు. మట్టిలోనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కర్ర దొర్లిపోయింది.

"చాలు రాములన్నా. నాతోని కాదు."

సిద్దిరాములుకు కూడా కళ్లు చెమర్చాయి. అందులో సగం బతికిపోయానన్న సంతోషమని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

మర్నాడు తెల్లారేసరికి రాయమల్లు మరికొందరిని వెంటేసుకుని, కల్లు ముంతతో వాకిట్లో నిలబడ్డాడు. "మాకు గూడ నేర్పు ఉస్తాద్." గుమ్మంలో శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిద్దిరాములు ముంత అందుకుని, దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"ముందుగాల సలాం. ఉస్తాద్ పేరు చెప్పుండ్రి."

రాయమల్లు కర్ర నిలబెట్టాడు. "సిద్దిరాములు ఉస్తాద్‌కు..." అని ఆగాడు. ఊళ్లో ముగ్గురున్నారు కదా, సలాం వేరేవాళ్లకు పోతే ఎట్లా? "గుంట సిద్దిరాములు ఉస్తాద్‌కు సలాం!"

సిద్దిరాములు మొహం జేవురించింది. నోరు తెరిచాడు. అంతలో రాయమల్లు బొజ్జ నొక్కుకుంటూ వంగి, ఆ పేరుకే నేల తాకి, చెయ్యి కళ్లకద్దుకున్నాడు. వెనకున్నవాళ్లందరూ వంగారు.

సిద్దిరాములు నింపాదిగా ఓ గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు.

"చెయ్యి నేలకు సక్కగ తాకలే. మల్లొకపారి అను."